మేపుల్ సీమలో మెతుకులు

మా మెదకునకు మెతుకు అను మాటతో చుట్టరికము కలదని ఇచటి పెద్దలు చెప్పుకొందురు. మెతుకుదుర్గము, మెతుకుసీమ అను పేళ్లు ప్రజల నోళ్లలో నేటికిని నిలిచియున్నవి. కుతుబ్‌షాహీల కాలమున దీనికి గుల్షనాబాదు అని మఱియొక పేరు కలిగినది. పూలతోట యను అర్థము గల ఆ పేరు కాలగర్భమున కలిసిపోయినది; మెతుకు మాత్రము మిగిలినది. ఇట్టి ఊరిలో తెలుగు పాఠము చెప్పుకొని బ్రతుకువాడు పరదేశపు భోజనమును గూర్చి వ్రాయ బూనుట కొంత వింతగా తోచవచ్చును. కాని మెతుకుసీమవాడు మెతుకును గూర్చి కాక మఱి దేనిని గూర్చి వ్రాయును?

ఇపుడు మా జిల్లానుండి, తెలంగాణమంతటి నుండి కెనడాకు చదువులకై పోవు పిల్లలు తక్కువవారు కారు. పిల్లవాడు బయలుదేరునాడు తల్లి అడుగు మొదటి ప్రశ్న విశ్వవిద్యాలయమును గూర్చి కాదు. "అక్కడోళ్లు ఏం తింటరు బిడ్డా?" అని. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట అనుకొన్నంత సులభము కాదు. కెనడావారిని అడిగినను వారు క్షణకాలము తడబడుదురు. ఇంగ్లీషువారి తిండి, ఫ్రెంచివారి తిండి, పొరుగుననున్న అమెరికావారి తిండి తీసివేయగా మీకు మిగులునది ఏది అని ఎవరైన నిలదీసినచో, వారు ముందుగా చెప్పు పేరు పూటీన్.

ఆ దేశము పేరును గూర్చి ఒక మాట చెప్పి ముందునకు పోవుదును. 1535లో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే సెయింట్ లారెన్సు నది వెంట పోవుచుండగా, దారి చూపుచున్న ఇరక్వాయి జాతి యువకులు తమ ఊరిని చూపి "కనాత" అనిరి. వారి భాషలో ఆ మాటకు పల్లె అని అర్థము. కార్టియే దానిని దేశము పేరుగా గ్రహించెను. భూగోళమున వైశాల్యమున రెండవదైన దేశము నేటికిని పల్లె అను పేరుతోనే చెలామణి యగుచున్నది. ఆ చలికాలమున కార్టియే మనుష్యులు పాతిక మంది వరకు చిగుళ్లు కుళ్లు రోగముతో చనిపోయిరి. తక్కినవారిని బ్రతికించినది ఆ పల్లెవారు చూపిన ఒక చెట్టు ఆకుల కషాయము. కెనడా నేలమీద తెల్లవానికి ఆదివాసి పెట్టిన మొదటి భిక్షలలో అది యొకటి. ఈ విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీని అవసరము ముందు కలుగును.

ఇక పూటీన్. బంగాళాదుంపలను వేలి పొడవున చీల్చి నూనెలో వేచి, వానిపై తాజాగా విరిచిన చీజు ముద్దలను చల్లి, పైనుండి వేడివేడి గోధుమరంగు మాంసపు పులుసును పోయుదురు. ఆ చీజు ముద్దలు మన పన్నీరుకు దూరపు చుట్టములు. ఆనాడు విరిచినవైనచో పంటి క్రింద కిచకిచమని చప్పుడు చేయును. చేయనిచో అవి నిలువ సరకని తినువాడు గుర్తించును. ఇది క్యూబెక్ రాష్ట్రపు పాడి పల్లెలలో 1950 తరువాతి దశకమున పుట్టినది. ఏ ఊరిలో, ఎవరి అంగడిలో పుట్టినదనుటపై వార్విక్ అను ఊరికిని డ్రమండ్‌విల్ అను ఊరికిని నేటికిని వాదము తెగలేదు.

వంటకముకంటె దాని చరిత్ర ఎక్కువ రుచికరము. పొలము పని, పాలపని చేయు కూలీలు రాత్రివేళ అంగడిలో నిలిచి తిను తిండి యది. నగరములోని మర్యాదస్థులు దానిని చూచి ముక్కు విఱిచిరి. ఇంగ్లీషు మాటలాడు కెనడావారికి అది ఫ్రెంచివారిని హాస్యమాడుటకు పనికివచ్చినది. అట్టి పూటీన్ తరువాత పెద్ద హోటళ్లలో బాతు కాలేయముతోను, సముద్రపు రొయ్యలతోను వడ్డింపబడినది. 2007లో ఆ దేశపు టెలివిజనులో కెనడావారు కనిపెట్టిన వానిలో గొప్పవి ఏవి అని ప్రజలను అడిగి వరుస కట్టగా, ఇన్సులిన్‌కు మొదటి స్థానము, పూటీన్‌కు పదవ స్థానము లభించెను. మధుమేహపు మందును, మధుమేహమునకు దారితీయు తిండిని ఒకే పట్టికలో గౌరవించిన ఘనత ఆ ప్రజలదే!

మన జొన్నరొట్టె కథయు ఇట్టిదే కదా. నా చిన్నతనమున జొన్నరొట్టెయు గటకయు పేదరికమునకు గురుతులు. ఇంటికి చుట్టము వచ్చినచో రొట్టెను దాచి వరియన్నము వండుట మర్యాద. నేడు హైదరాబాదులో జొన్నరొట్టెను వెదురుబుట్టలో గుడ్డ కప్పి తెచ్చి వడ్డించుచున్నారు. అంబలిని గాజు గ్లాసులో పోసి యిచ్చుచున్నారు. వంటకము మారలేదు; తినువాని హోదా మారినది.

మేపుల్ చెట్టు సంగతి వేఱు. దానిని ఎవ్వరును ఎన్నడును చిన్నచూపు చూడలేదు. దేశపు జెండాపై ఎఱ్ఱని మేపుల్ ఆకు 1965 నుండి ఎగురుచున్నది. ఈ చెట్టునుండి తీయు పానకమును వివరించుటకు కెనడా రచయితలు పుటలు నింపుదురు గాని, మన గౌడులకు అది రెండు మాటలలో అర్థమగును. చెట్టును గాయపఱచి, చంపక, దాని రసమును బొట్టుబొట్టుగా పట్టు విద్య యది. మనవాడు మోకు నడుమునకు చుట్టి ఈతచెట్టెక్కి గీత గీసి లొట్టి కట్టును. వారు చెట్టు ఎక్కనక్కఱలేదు. రొమ్మెత్తున కాండమునకు వ్రేలెడు రంధ్రము తొలిచి, చిన్న గొట్టము దిగగొట్టి, క్రింద బాల్చీ తగిలింతురు. ఇపుడు బాల్చీలకు మాఱు చెట్టునుండి చెట్టునకు సన్నని ప్లాస్టిక్ గొట్టములు అల్లుకొని అడవియంతయు ఒక యంత్రమువలె కనబడుచున్నది.

రసము కారుటకు కాలము కలసి రావలెను. రాత్రి నీరు గడ్డకట్టు చలియు, పగలు మంచు కరగు ఎండయు ఉండవలెను. చలికాలము వెడలుచు వసంతము వచ్చు ఆ నాలుగు ఆరు వారములలోనే యది సాధ్యము. రసము చూచుటకు నీరు, త్రాగుటకును దాదాపు నీరే. తీపి నూటికి రెండు పాళ్లు. దానిని కాచగా కాచగా, నలువది లీటర్ల రసమునకు ఒక లీటరు పానకము దిగును. కెనడాలో తయారగు మేపుల్ పానకములో తొమ్మిది పదవ వంతులు క్యూబెక్ రాష్ట్రమే యిచ్చుచున్నది. కాపు బాగుగా నున్న యేట మిగిలినదానిని పీపాలకెత్తి దాచి, లేని యేట విడుదల చేయుటకు అచటి రైతుల సంఘము గిడ్డంగులు కట్టినది. 2011, 2012 సంవత్సరములలో అట్టి గిడ్డంగి నుండి దొంగలు దాదాపు 3,000 టన్నుల పానకమును కాజేసిరి. పీపాలలో నీరు నింపి పెట్టి పోయిరట! దాని వెల కోటి ఎనుబది లక్షల డాలర్లకు పైబడినది. బెల్లము దొంగలను గూర్చి మనము కథలలో వింటిమి, ఇంతటివారిని వినలేదు.

ఈ విద్యను తెల్లవారికి నేర్పినవారు ఆదివాసులే. నేర్పినవి ఇంకను కలవు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి అను మూటిని ఒకే పాదులో నాటి, వానిని ముగ్గురు అక్కచెల్లెండ్రని పిలిచినవారు ఇరక్వాయి స్త్రీలు. మొక్కజొన్న కఱ్ఱ చిక్కుడు తీగకు పందిరి. చిక్కుడు నేలకు సత్తువ. గుమ్మడి ఆకులు కలుపును అణచి తేమను కాచును. జొన్నచేలో కంది సాళ్లు, నడుమ బబ్బెర తీగలు వేయు మన జహీరాబాదు ప్రాంతపు రైతక్కకు ఇందు నేర్చుకొనవలసినది లేదు, చెప్పవలసినదే యుండును. ఇక అనిషినాబే జాతివారు సరస్సులలో తమంతట మొలచు ఒక ధాన్యమును తెప్పలలో పోయి, కఱ్ఱలతో తట్టి రాల్చుకొందురు. వారు దానిని మనోమిన్ అందురు. మన కావ్యములలో మునిపల్లెల చుట్టు నివ్వరి ధాన్యము తఱచుగా కనబడును. ఆ నివ్వరికి ఇది ఖండాంతరమందలి సోదరివంటిది. నివ్వరిని మనము నిఘంటువునకు విడిచిపెట్టితిమి. వారు పళ్లెమున నిలుపుకొనిరి.

ఇపుడు గోధుమను గూర్చి చెప్పవలెను. ఇందు మనకును వాటా కలదు. కెనడా పడమటి మైదానములలో రొట్టెకు మంచి గోధుమ రెడ్ ఫైఫ్ అను రకము. దాని దోషమొక్కటే: పంట చేతికి రాకముందే మంచు పడి గింజ చెడిపోవుచుండెను. త్వరగా పండు గోధుమకై వెదకుచున్న ప్రభుత్వ శాస్త్రజ్ఞులు మన దేశమునుండి పోయిన హార్డ్ రెడ్ కలకత్తా అను గోధుమతో దానిని సంకరము చేసిరి. ఆ సంతతి నుండి చార్లెస్ సాండర్స్ అను శాస్త్రజ్ఞుడు ఒక్కొక్క మొక్క గింజలను వేఱువేఱుగా నమిలి చూచి, నోటిలో జిగురుగా సాగిన వానిని ఏఱి పెట్టెను. పరీక్షకు ఆయన నోరే ప్రయోగశాల. అట్లు ఏరినది మార్క్విస్ గోధుమ. అది వారము రోజుల పైబడి ముందుగా పండెను. రొట్టెయు చక్కగా పొంగెను. 1920 నాటికి ఆ మైదానములలో విత్తు గోధుమలో అత్యధిక భాగము ఇదియే. కెనడా రొట్టెలబుట్ట యని పేరుపొందుటకు హిందూదేశపు గింజ ఒక తల్లి యను సంగతి మన పాఠ్యపుస్తకములలో నాకు కనబడలేదు, కనబడవలసినది.

ఆ ఋణమును ఆ దేశము మఱియొక గింజతో తీర్చినది. మైసూరుపప్పు అని మనము వ్యవహరించు ఎఱ్ఱపప్పు 1970కి ముందు సస్కాచెవన్ రాష్ట్రమున దాదాపు లేదు. గోధుమ పండించి పండించి విసిగిన నేల ఒక యేడు బీడుగా నుండవలసి వచ్చుచుండెను. 1972లో ఆల్ స్లింకార్డ్ అను శాస్త్రజ్ఞుడు అచటి విశ్వవిద్యాలయమునకు వచ్చి పప్పుధాన్యములపై పని ప్రారంభించెను. 1978లో లేయర్డ్ అను రకము విడుదలయ్యెను. పప్పుజాతి మొక్క నేలకు నత్రజనిని ఇచ్చును. బీడు పెట్టవలసిన యేడు పంటయు దక్కును. క్రమక్రమముగా కెనడా ఈ పప్పును పరదేశములకు పంపుటలో ప్రపంచమున మొదటిదయ్యెను. పండించువారు అక్కడ, తినువారు ఇక్కడ. 2017 చివర మన ప్రభుత్వము దిగుమతి పప్పులపై సుంకము విధించినపుడు, అంతదూరమున సస్కాచెవన్ రైతు గడగడలాడెను. మన కుండలో పప్పు ఉడుకుటకును, పండ్రెండువేల కిలోమీటర్ల ఆవల ఒక రైతు అప్పు తీరుటకును ఇంత సంబంధము!

కెనడావారు తమ పప్పును తాము తినుట అలవాటు చేసుకొనుచున్నది ఈ మధ్యనే. 2019 జనవరిలో వారి ప్రభుత్వము ప్రచురించిన ఆహార మార్గదర్శినిలో పాలకు వెనుకటివలె ప్రత్యేకమైన పీఠము తీసివేసి, పప్పులను, చిక్కుళ్లను మాంసము సరసన కూర్చుండబెట్టిరి.

ఇతర వంటకములను త్వరగా దాటి పోవుదును. వెన్న, చక్కెర, గ్రుడ్డు కలిపి చిన్న గిన్నెవంటి పిండిపొరలో కాల్చు బటర్ టార్ట్ వంటపద్ధతి 1900లో అంటారియోలోని బారీ అను ఊరి ఆసుపత్రి మహిళా సంఘము అచ్చువేసిన వంటల పుస్తకమున తొలుత కనబడినది. క్రిస్మసు నాటి రాత్రి క్యూబెక్ ఇండ్లలో తూర్త్యేర్ అను మాంసపు పిండివంట తప్పదు. న్యూఫౌండ్‌లాండువారికి ఎండు రొట్టెయు ఉప్పుచేపయు ప్రాణము. అయిదు వందల యేండ్లు పట్టిన ఆ కాడ్ చేప తఱిగిపోగా 1992 జూలైలో వేటను నిషేధించిరి. దాదాపు ముప్పదివేల మంది జీవనము ఒక్కనాటితో ఆగిపోయెను. మంచుహాకీ ఆటగాడు టిమ్ హోర్టన్ 1964లో హామిల్టన్ పట్టణమున పెట్టిన తియ్యరొట్టెల అంగడి ఇపుడు దేశమంతటను కలదు. రెండుపాళ్లు మీగడ, రెండుపాళ్లు చక్కెర వేసిన కాఫీకి అచటివారు పెట్టుకొన్న "డబుల్ డబుల్" అను పేరు నిఘంటువు కెక్కినది. నిఘంటువులతో కాపురము చేయువాడను గనుక ఈ వార్త నాకు ముచ్చట గొలిపినది.

వలస వచ్చినవారు తెచ్చినవి మఱి కొన్ని. రొట్టెపై అనాసపండు ముక్కలు వేసిన హవాయి పిట్జా హవాయిది కాదు. 1962లో అంటారియోలోని చాతమ్ ఊరిలో గ్రీకు దేశమునుండి వచ్చిన సామ్ పనోపులోస్ చేసినది. తూర్పు మధ్యధరా తీరపు మాంసపు రొట్టెకు తియ్యని పాలచట్నీ చేర్చి డోనేర్ అను పేరుతో హాలిఫాక్స్ నగరము తన సొంతము చేసుకొన్నది. 2015లో నగర సభయే దానిని అధికార భోజనముగా తీర్మానించెను. 1985లో టొరంటోలో జమైకావారు అమ్ము పిండి కజ్జముల వంటి బీఫ్ ప్యాటీలను ఆ పేరుతో అమ్మరాదని ప్రభుత్వ తనిఖీదారులు పట్టుపట్టిరి. చట్టము ప్రకారము ప్యాటీ అనగా ఒట్టి మాంసపు బిళ్లయట! అమ్మువారు ఎదిరించి నిలిచిరి. అధికారులు వెనుకకు తగ్గిరి. తిండి పేరు తిను వాని సొత్తు గాని తనిఖీదారుని సొత్తు కాదని ఆ చిన్న అంగళ్లవారు నిరూపించిరి. మన పిల్లలు పెరుగన్నమును, ఆవకాయను పట్టుకొని దిగుచున్నది ఇట్టి ఊరిలోనే. ఆ తల్లులు నిశ్చింతగా నుండవచ్చును. కందిపప్పు, చింతపండు దొరకని కెనడా నగరము నేడు అరుదు.

ఇంతవరకు చెప్పినది పళ్లెములో కనబడు కెనడా. ఏ దేశపు భోజనమును గూర్చి యైనను వారు ఏమి తిందురని అడిగి ఊరకుండుట చాలదు. ఎవరు ఎవరికి పెట్టిరి, ఎవరికి పెట్టక ఆపిరి అనియు అడుగవలెను. కార్టియే మనుష్యులకు కషాయము పోసినవారి సంతతికి ఏమి దక్కినదో చూతము.

పడమటి మైదానపు జాతులకు అడవిదున్న అన్నము. దాని మాంసమును ఎండబెట్టి, పొడిగా దంచి, కరగిన క్రొవ్వును అడవిపండ్లను కలిపి, తోలు సంచులలో కూరి దాచెడివారు. క్రీ భాషలో క్రొవ్వును చెప్పు మాటనుండి దానికి పెమ్మికన్ అని పేరు. ఏండ్ల తరబడి చెడదు. గుప్పెడు తిన్నచో దినమంతయు నడువవచ్చును. మన ఊళ్లలో ఒట్టితునకలు ఎండబెట్టుకొను తల్లులు దాని మర్మమును ఇట్టే గ్రహింతురు. ఉన్నితోళ్ల వర్తకులు పడవలు నడిపినది ఈ పెమ్మికన్ బలము చేతనే. 1814 జనవరిలో ఎఱ్ఱనది ప్రాంతపు గవర్నరు దానిని బయటికి తీసికొనిపోరాదని ఆజ్ఞ పెట్టగా, వర్తక సంఘముల నడుమ రగిలిన కలహము 1816 జూన్ 19న సెవెన్ ఓక్స్ అనుచోట నెత్తురు చిందించెను. తిండిమూటకై జరిగిన పోరాటమది.

తరువాత దున్నలను తోళ్లకై వేటాడి వేటాడి నిర్మూలించిరి. 1880 దాటిన కొలది యేండ్లకే మైదానము వట్టిపోయెను. 1876లో ఆఱవ సంధి చేసికొనునపుడు క్రీ నాయకులు దూరదృష్టితో కరువు వచ్చినచో ప్రభుత్వము సాయపడవలెనని షరతు వ్రాయించుకొనిరి. కరువు వచ్చెను. గిడ్డంగులలో పిండి యుండెను. అయినను, తమకు కేటాయించిన ఇరుకు భూములకు కదలినవారికే రేషను అని ప్రభుత్వము ఆపి యుంచెను. మా మెదక్ చర్చి కరువునాళ్లలో జనులకు పని కల్పించి అన్నము పెట్టుటకై కట్టబడినదని ఇచటివారు చెప్పుకొందురు. 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠించిరి. పనికి అన్నము పెట్టిన కథ మనకు తెలిసినది. భూమికి బదులుగా అన్నమును బేరమాడిన కథ అది.

రేషనుగా వచ్చినవి మైదాపిండి, పందిక్రొవ్వు, ఉప్పు. దున్నలు లేవు, పండ్ల చెట్లకు పోవుటకు త్రోవలేదు. స్కాట్లాండు వర్తకులనుండి నేర్చిన బానక్ అను రొట్టెను ఆ పిండితో పెనముమీద కాల్చుకొనిరి. నేడు కెనడాలో ఆదివాసి భోజనమనగా బానక్ అనియే చెప్పుదురు. ఆదివాసి పండుగ బానక్ లేక జరుగదు. కాని ఆ జాతులలోనే కొందఱు పెద్దలు దానిని చూచి తలయూచరు; ఇది మా తిండి కాదు, మా తిండి పోయిన గురుతు అందురు. రెండు మాటలును నిజమే. ఆకలిని తట్టుకొన్న రొట్టెను పారవేయుట ఎవరి తరము?

మెదక్ సీమలో జొన్నలు, తైదలు, కొఱ్ఱలు తిన్న ఇండ్లకు 1983లో రెండు రూపాయల బియ్యము వచ్చెను. ఆ బియ్యము ఆకలి తీర్చినది. దానిని కెనడా రేషనుతో ఒకే త్రాసున తూచరాదు. అయినను, కొఱ్ఱలు విత్తు చేలు బీళ్లుపడినవి. జహీరాబాదు దగ్గఱ పస్తాపూరు కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములు ఆ బీళ్లను మరల దున్ని, పాత విత్తనములను గుమ్ములలో దాచి, ఎడ్లబండ్లపై పాతపంటల జాతర నడపినవి. పోయిన తిండిని తిరిగి తెచ్చుకొనుట సాధ్యమని ఆ నిరక్షరాస్యలు మన కాలేజీలకు పాఠము చెప్పిరి.

ఉపాధ్యాయులు ముఖ్యముగా చదువవలసిన భాగము ఇకమీదటిది. 1880 తరువాతి దశకము నుండి 1990 తరువాతి దశకము వరకు కెనడా ప్రభుత్వము, క్రైస్తవ సంఘములు కలిసి ఆదివాసి పిల్లలకు వసతి పాఠశాలలు నడపినవి. లక్షన్నర మంది పిల్లలను తల్లిదండ్రుల నుండి వేఱుచేసి, వారి భాష మాన్పించి, తిండి మాన్పించి అందు ఉంచిరి. చాలీచాలని కూడు అచటి నిత్యకృత్యము. 1942లో కెనడా తన ప్రజలకు మొదటి ఆహార నియమములను ప్రకటించెను: ఇన్ని పాలు, ఇన్ని పండ్లు, ఇంత రొట్టె అని. ఆ నియమములకు ముఖ్య సూత్రధారి లయొనెల్ పెట్ అను పోషకాహార అధికారి. ఆయన ఆధ్వర్యముననే 1948 నుండి 1952 వరకు ఆఱు వసతి పాఠశాలలలో దాదాపు వేయిమంది పిల్లలపై ప్రయోగములు జరిగెను.

ప్రయోగ మనగా ఏమి? పోర్ట్ ఆల్బర్నీ పాఠశాలలో పిల్లలకు ఇచ్చు పాలు తాను చెప్పిన కొలతలో సగము కంటె తక్కువ అని ఆయనకు తెలియును. తెలిసియు, పోల్చి చూచుటకు ఆధారముగా నుండవలెనని రెండేండ్లు ఆ కొలతనే ఉంచి, తరువాత పెంచి తేడా చూచిరి. మఱియొక పాఠశాలలో పిల్లలను రెండు భాగములు చేసి ఒక భాగమునకు విటమిన్ బిళ్లలు ఇచ్చి, రెండవ భాగమునకు ఊరక బిళ్లలు ఇచ్చిరి. పండ్లు, చిగుళ్లు ఎట్లు చెడునో చూచుట అవసరము గనుక దంతవైద్యమును సయితము ఆపిరి. చిగుళ్లు! కార్టియే మనుష్యుల చిగుళ్లు కుళ్లుచుండగా ఆకు తెచ్చి కాచి పోసిన జాతుల బిడ్డలపై, నాలుగు వందల యేండ్లకు, చిగుళ్లు చెడుటను లెక్క వ్రాసికొనిరి. పిల్లలను గాని వారి తల్లిదండ్రులను గాని ఎవరును అడుగలేదు.

ఇయాన్ మోస్బీ అను చరిత్రకారుడు 2013లో ఈ సంగతులను వివరముగా బయటపెట్టువఱకు ప్రజలలో పెక్కుమందికి తెలియదు. అంతకు ముందే, 2008 జూన్ 11న, వసతి పాఠశాలల విషయమున ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పి యుండెను. ఈ పాల లెక్క అప్పటికి లోకమున అంతగా తెలిసినది కాదు. 2015లో సత్యాన్వేషణ సంఘము తన నివేదికలో వేలాదిమంది పూర్వ విద్యార్థుల సాక్ష్యములను చేర్చినది. వారి మాటలలో మరల మరల వచ్చునది చదువు కాదు, దెబ్బలును, ఆకలియు. రాత్రివేళ వంటయింటి నుండి రొట్టెముక్క దొంగిలించుట, దొరికిపోవుట.

ఇట్టి దేశమున బడిలో అన్నము పెట్టు ఆచారము 2024 వరకు దేశవ్యాప్తముగా లేకుండుట మనకు ఆశ్చర్యము. కెనడా పిల్లలు ఇంటినుండి డబ్బాలు తీసికొనిపోవుదురు. లేనివారికి చాలచోట్ల ఆయా ఊళ్లలోని స్వచ్ఛంద సంఘములే దిక్కుగా నుండెను. మన సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వండిన అన్నము పెట్టవలెనని ఆజ్ఞాపించెను. మన రాష్ట్రమున 2003 జనవరి నుండి పొయ్యి వెలిగినది. ఆ పొయ్యి పొగను, ఆలస్యముగా వచ్చు బిల్లులను, పలుచని చారును గూర్చి మా ఉపాధ్యాయ మిత్రులు విసుగుకొనుట నాకు తెలియును. సంపన్న దేశములు ఏడింటిలో జాతీయ పాఠశాలాహార పథకము లేనిది కెనడా యొక్కటే అని అచటివారే చెప్పుకొనుచుండిరి. 2024 ఏప్రిల్‌లో ఆ దేశము అయిదేండ్లకు వంద కోట్ల డాలర్లతో ఏటా నాలుగు లక్షల మంది పిల్లలకు అదనముగా భోజనము పెట్టు పథకమును ప్రకటించెను. పది రాష్ట్రములు, మూడు ప్రాంతములు ఒకటొకటిగా ఒప్పందము వ్రాసి, 2025 మార్చికి అన్నియు చేరినవి. ఆ ద్రవ్యములో ఒక భాగమును ఆదివాసి సమాజములకు కేటాయించిరి. దున్నలు మేసిన ఆ మైదానమున నేడు మైసూరుపప్పు పూయుచున్నది గనుక, అందులో ఏదో ఒక ఊరి బడిలో ఒక క్రీ బాలునికి మధ్యాహ్నము వేడి పప్పు పులుసు వడ్డింతురేమో. ఈ మాఱు అతని తల్లిని అడిగి.